వాపసు రావాల్సిన దండం

ఒక దండం గురించి చెబుతాను. రెండు చేతులూ జోడించి, తల కాస్త వంచి, పదిమంది చూస్తుండగా నేను చేయని తప్పుకు పెట్టిన దండం అది. నాకు అది వాపసు రావాలని మూడేళ్ళు కాచుకు కూర్చున్నాను. "గింత పగ ఏందే, నీకు నిద్రెట్ల పడతది" అని మా వదిన అంటుంది. నాకు నిద్ర బాగానే పడుతుంది. పగ పట్టినవాళ్ళకు నిద్ర ఉండదని ఎవరు చెప్పారో గాని, వాళ్ళకు పగ సంగతి తెలియదు.

నాది రఫూ పని. చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్ వెనక సందులో, ఒక పాత ఇంటి మెట్ల కింద నా గది. గది అంటే అందులో నేను, ఒక చిన్న బల్ల, ఒక లైటు, దారాల డబ్బాలు పడతాయి. ఇంకో మనిషి వస్తే మెట్ల మీద కూర్చోవాలి. మా నాయిన కాచిగూడలో ఒక ఉస్తాద్ దగ్గర ఈ పని నేర్చుకున్నాడు, నేను నాయిన దగ్గర నేర్చుకున్నాను. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే దారం లాగి, నిలువు పోగులూ అడ్డం పోగులూ ఒక్కొక్కటే అల్లుకుంటూ పోయి, అసలు చిరగనే లేదన్నట్టు చేయాలి. బాగా చేస్తే ఆ పని ఎవరికీ కనపడదు. కనపడదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. అది తెలిసే ఇందులోకి వచ్చాను.

నాయిన నాకొక అలవాటు చేశాడు. బట్టతో వచ్చిన చీటీని పారేయకూడదు. పని అయ్యాక ఆ బట్టదే ఒక దారం ముక్క ఆ చీటీకి చుట్టి, రేకు డబ్బాలో వేసి పెట్టాలి. ఎప్పుడైనా అదే బట్ట తిరిగి వస్తే రంగు కోసం బజారంతా తిరగనక్కర్లేదు. నా దగ్గర అలాంటి బిస్కెట్ డబ్బాలు ఏడు నిండాయి. మనుషులు పోయినా వాళ్ళ కోట్ల దారాలు, చీరల దారాలు నా దగ్గర ఉన్నాయి.

నారాయణగూడలో ఒక చీరల షోరూం ఉంది. పేరు చెప్పను. దయతో కాదు, ఆ పేరు నా నోటితో పలకడం ఇష్టం లేక. దాని యజమానురాలిని అందరూ మేడం అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. మంచి చీర కడుతుంది, మెత్తగా మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. పన్నెండేళ్ళు వాళ్ళ చీరలకు నేనే రఫూ చేశాను.

మూడేళ్ళ కింద ఒక పట్టుచీర పంపింది. పట్టును ఏళ్ళ తరబడి మడత మార్చకుండా అలమారాలో పెడితే ఆ మడత దగ్గరే తెగుతుంది. ఆ చీర నాలుగు చోట్ల తెగింది. పది రోజులు కూర్చుని అతికాను. ఇచ్చేటప్పుడు చెప్పాను కూడా.

"మేడం, ఇది చూసేటందుకే మంచిగుంటది. ఒంటి మీద ఆగదు. కొత్తదని అమ్మకున్రి."

ఆమె నా చెయ్యి పట్టుకుని, "నాకు తెల్వదా అమ్మా" అంది.

తెలిసే అమ్మింది. అదీ ఒక పెళ్ళికూతురికి. పీటల మీద కూర్చోగానే వెనక బర్రున చిరిగిందట. పెళ్ళికూతురి తల్లి ఆ చీర చంకన పెట్టుకుని షోరూంకు వచ్చింది. నా కర్మ కాలి అదే సమయానికి నేను వేరే చీరలు ఇవ్వడానికి వెళ్ళాను. లోపల జనం నిండుగా ఉన్నారు. మేడం ఒక చేత్తో ఆ తల్లి చెయ్యి, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని మధ్యలో నిలబడింది.

"మా రఫూ ఆమె ఈమెనేనండి. ఒక్క పోగు సరిచెయ్యమని ఇస్తే సూదితోని మొత్తం పాడు చేసి పెట్టింది. మాకు చెప్పనే లేదు. అమ్మా, ఆమెను క్షమించమని అడుగు."

నేను నోరు తెరిచాను. మేడం నా చెయ్యి గట్టిగా నొక్కింది. నా పనిలో సగం వాళ్ళ దగ్గరి నుంచే వస్తుంది. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు. చేతులు జోడించాను. "తప్పయింది అమ్మ, మన్నించున్రి" అన్నాను. ఆ తల్లి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "చూపు సరిగ లేకుంటే పని బంద్ చెయ్యాలె" అంది. నా చూపు గురించి అంది ఆ మాట. నల్లగుడ్డ మీద నల్లదారం లైటు లేకుండా ఎక్కిస్తాను నేను.

ఆ రోజే పని మానేశానా అంటే, లేదు. మరుసటి వారం వాళ్ళు పంపిన చీరలు కిక్కురుమనకుండా తీసుకున్నాను. తీసుకుంటూ మనసులో అనుకున్నాను. ఈ దండం నువ్వు నాకు వాపసు ఇస్తావు మేడం. ఇట్లాగే, నిలబడి, రెండు చేతులూ జోడించి.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

చేతిమగ్గం మీద నేసేటప్పుడు బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా అడ్డంగా ఒక పుల్ల పెడతారు. దాని రెండు కొసలకూ చిన్న మొలలుంటాయి. అవి బట్ట అంచులను పట్టి లాగుతాయి, అక్కడ సన్నటి గుచ్చులు పడతాయి. నేసినకొద్దీ పుల్లను ముందుకు జరుపుతారు, గుచ్చులూ అంచు పొడుగునా పడుతూ పోతాయి. ఆరేళ్ళ కింద ఈ ముచ్చట ఎవరో ఫోన్లలో చెప్పారు. అంచుకు గుచ్చులుంటేనే చేనేత అని. అప్పటినుంచి షోరూంకు వచ్చే ఆడవాళ్ళు చీర అంచు తిప్పి వెలుగులో పట్టి చూడడం మొదలుపెట్టారు. మేడం దగ్గర చేనేత పేరుతో ఉన్నవి సగానికి పైగా మరమగ్గం చీరలు. వాటికి ఆ గుచ్చులు ఎక్కడినుంచి వస్తాయి?

"అడిగేటోళ్ళకు గుచ్చులు కనిపిస్తె చాలమ్మా. నీ చేతిల సూది ఉన్నది గద" అంది మేడం.

గుచ్చాను. అశోక్‌నగర్‌లో మా ఇంట్లో, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ళ మధ్య మాకున్న రెండు గదుల్లో, కిటికీ పక్కన కూర్చుని గుచ్చాను. రెండు వేళ్ళ దూరానికొక జత చొప్పున, రెండంచులకూ, కొంగు నుంచి చివరిదాకా. ఒక చీరకు ఒక పూట పట్టేది. ప్రతి చీరకూ మేడం తన చేత్తోనే రాసిన చీటీ పెట్టి పంపేది. 'రెండంచులకు గుచ్చులు. శనివారం లోపల.' నేను అలవాటుకొద్దీ చీర చివర వేలాడే పోగు ఒకటి తెంపి, ఆ చీటీకి చుట్టి డబ్బాలో వేసేదాన్ని.

మోసమని తెలియదా అంటే తెలుసు. కట్టుకునేవాళ్ళకు పోయేదేముంది, చీర చీరే కదా అనుకున్నాను. ఆ గుచ్చులతో ఎవరి నోటికాడి కూడు లాగుతున్నానో ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

పోయినేడు మా గది పక్క ఖాళీ జాగాలో ఒక హాస్టల్ బిల్డింగు లేవడం మొదలైంది. పనికి పాలమూరు దిక్కు నుంచి వచ్చినవాళ్ళే అందరూ. అందులో ఇసుక మోసే ఒకామె మధ్యాహ్నం మా మెట్ల నీడన కూర్చుని సద్ది తినేది. ముషీరాబాద్ దగ్గర ఒక బస్తీలో ఉంటున్నారట, భర్త అదే బిల్డింగులో సెంట్రింగ్ పని. నన్ను అక్క అని పిలిచేది, నేను చెల్లె అనేదాన్ని. పదిహేను రోజులు ఎండ గురించి, నీళ్ళ గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

ఒక రోజు నేను అల్లుతున్న పోగు పుటుక్కున తెగింది. నేను విసుక్కుంటుంటే ఆమె చెయ్యి నీళ్ళతో కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, "ఇటియ్యి అక్క" అంది. బొటనవేలు, చూపుడు వేలు, అంతే. ముడి పడింది. ఎక్కడ పడిందో నేను వెతికినా దొరకలేదు.

"నువ్వు నేతపని చేసినవా చెల్లె?"

"పుట్టినకాంచి అదే పని. నారాయణపేట పక్కన మా ఊరు. ఇద్దరం నేస్తుంటిమి. మా చీరలు అడిగేటోడు లేకపాయె. గసుంటి చీరనే సగం ధరకు దొరుకుతున్నదంట పట్నంల. మగ్గం ఇప్పేసినం."

నేను తలెత్తలేదు. ఆ 'గసుంటి చీర' ఒకటి అప్పుడే ఇంట్లో కిటికీ పక్కన నా కోసం ఎదురుచూస్తోంది.

ఆ తర్వాత రోజూ మగ్గం ముచ్చట్లే. నా పనిలో తప్పులు పట్టేది, మొహమాటం లేకుండా. "నువ్వు అడ్డం పేక పోగును బిగిస్తున్నవ్ అక్క, జర ఇడువు" అనేది. తన పుల్లకు ఎడమ కొసన ఒక మొల విరిగిపోయిందట, అత్తగారి కాలం నాటి పుల్ల కాబట్టి మార్చలేదట. "నేను నేసిన చీర ఏడున్నా నాకు తెలుస్తది. కుడి దిక్కు రెండు గుచ్చులుంటయి, ఎడమ దిక్కు ఒక్కటే" అని నవ్వింది. నేను కూడా నవ్వాను.

ఇంతలో నల్లకుంట నుంచి ఒక వకీలమ్మ వచ్చింది. కోర్టుకు వెళ్ళే మనిషి, మాట ఖచ్చితం, నాకు పాత గిరాకీ. కొత్త చీర గేటుకు తగిలి చిరిగిందని తెచ్చింది. సంచిలో చీరతోపాటు ఒక అట్ట ముక్క ఉంది, దాని మీద నల్ల చుక్కల గడి.

"ఇది చూడు ఆంటీ, ఎంత మంచి పద్ధతి పెట్టారో" అని ఫోన్ తీసి ఆ గడి మీద పట్టింది. "ఏ చీర ఎవరు నేశారో ఫొటోతో సహా వస్తుంది. మనం కట్టేది ఎవరి కష్టమో మనకు తెలియాలి కదా."

అది ఆ షోరూం చీరే. అంచుల గుచ్చులు నావే. ఫోన్లో బొమ్మ వచ్చింది. మగ్గం ముందు కూర్చున్న ఒక ఆడమనిషి, ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుల్ల, నవ్వు. కింద ఊరి పేరు, మనిషి పేరు. 'ఈ చీరను ఈ తల్లి తొమ్మిది రోజులు శ్రమించి నేసింది. మీరు కొన్న ప్రతి చీరా ఆమె ఇంట్లో దీపం వెలిగిస్తుంది.'

నేను ఆ మొహం చూశాను. తర్వాత సందులోకి చూశాను. అదే మొహం ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని మా ముందు నుంచి పోతోంది.

"చెల్లె, జర ఇటు రా" అన్నాను.

తట్ట దించి వచ్చింది. వకీలమ్మ ఫోన్ ఆమె ముందు పట్టింది. ఆమె చాలాసేపు చూసింది. ముందు తనను కాదు, మగ్గాన్ని చూసింది.

"అగో, మా మగ్గం" అంది మెల్లగా. తర్వాత, "నా ముక్కుపుల్ల." చేత్తో ముక్కు తడుముకుంది. అక్కడ ఇప్పుడు వేపపుల్ల ఉంది.

ఐదేళ్ళ కింద పట్నం నుంచి కారులో ఎవరో వచ్చారట. చేనేత మీద ప్రేమతో వచ్చామన్నారట. మగ్గం ముందు కూర్చోబెట్టి, నవ్వమని, కొంగు సర్దుకోమని ఫొటోలు తీసుకుని, ఒక మిఠాయి డబ్బా చేతిలో పెట్టి పోయారట. మళ్ళీ రాలేదు.

వకీలమ్మ కింద రాసింది చదివి వినిపించింది. ఆమె అంతా విని, "తొమ్మిది రోజులా? ఏ తొమ్మిది రోజులు?" అని అడిగింది. చీర పోయిన నెలలో నేసినట్టు ఉంది అందులో. పోయిన నెలంతా ఆమె మా సందులోనే ఇసుక మోసింది. "మంచిగనే బతుకుతున్న కదా ఫోన్ల" అని నవ్వబోయింది, రాలేదు. "అక్క, నా ఫొటో తీసెయ్యమని చెప్తవా? మా ఊరోళ్ళు చూస్తె ఏమనుకుంటరు? మస్తు సంపాదిస్తున్నదనుకుంటరు."

చెప్తాను అన్నాను. అబద్ధం కాదు. కాని నా గుండెలో అప్పుడు కొట్టుకుంటున్నది ఆమె ఫొటో కాదు, నా దండం. దొరికావే మేడం అనుకున్నాను. మూడేళ్ళకు దొరికావు.

ఆ ఆదివారం పొద్దున షోరూంలో కొనుగోలుదారులకు ఒక సభ ఉందని, తనకు పిలుపు వచ్చిందని వకీలమ్మ చెప్పింది. చీర వెనక మనిషిని చూపించే సభట. సరే, మనిషిని నేనే తెస్తాను అన్నాను. కోపం మనిషి కళ్ళకు గంతలు కడుతుందంటారు కదా, నాకు కట్టింది. ఆ ఫొటోను, ఆ మొహాన్ని పక్కపక్కన పెట్టాలన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. నేతగత్తె చేతికి చీర ఇస్తే ముందు అంచు తిప్పి చూస్తుందని, ఆ అంచులో నా సూది ఉందని నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళుగా సూది పట్టినదాన్ని, సూదినే మర్చిపోయాను.

ఆదివారం ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గోళ్ళలో సిమెంటు పోలేదు. షోరూం వాకిట్లో వాచ్‌మన్ ఆపాడు. "పనోళ్ళు వెనక దిక్కునుంచి పోవాలె" అన్నాడు. ఆమె బొమ్మే పెద్దగా చేసి అతని వెనక గోడకు వేలాడదీశారు. దాని కిందే నిలబడి ఆమెను ఆపాడు. వకీలమ్మ వచ్చి, "నాతో వచ్చారు" అని ఇద్దరినీ లోపలికి తీసుకుపోయింది.

లోపల కుర్చీలు, పూలు, చల్లటి గాలి. మేడం మైకు పట్టుకుని చెబుతోంది, మన చీరకు దాపరికం లేదు, నూలు నుంచి మీ ఒంటి దాకా ప్రతి అడుగూ మీ ఫోన్లో ఉంది అని. వకీలమ్మ లేచి, "మేడం, ఒక్క నిమిషం" అని ఫోన్‌ను మా చెల్లె మొహం పక్కన పట్టింది. "ఈమె ఎవరో మీరు చెప్పగలరా?"

అందరూ వెనక్కి తిరిగారు. మేడం చూసింది. ఆ క్షణం కోసమే కదా నేను మూడేళ్ళు ఆగింది. ఆమె మొహం మాడిపోతుందని, మాట తడబడుతుందని, కాళ్ళ కింద నేల కదులుతుందని అనుకున్నాను.

ఏమీ కాలేదు. మేడం మైకు వదిలేసి, రెండు చేతులూ చాచి వచ్చి, మా చెల్లెను కౌగిలించుకుంది. "మా అమ్మ వచ్చింది. ఎన్నాళ్ళకు వచ్చినవమ్మా" అంది. కళ్ళు తుడుచుకుంది. ఎవరో శాలువా తెచ్చారు, కప్పింది. జనం చప్పట్లు కొట్టారు, ఫోన్లు పైకి లేచాయి. నేను పట్టుకొచ్చిన కత్తితో ఆమె పండు కోసుకుని తింటున్నట్టు అనిపించింది. ఒళ్ళు భగ్గుమంది. థూ, ఇంత తెలివి నాకు ఎందుకు లేకపోయింది అనుకున్నాను.

మేడం అక్కడితో ఆగి ఉంటే గెలిచేది. ఆగలేదు. బల్ల మీది చీర ఒకటి తీసి మా చెల్లె చేతుల్లో పెట్టి, "ఇది ఎట్ల నేసినవో నీ నోటితోని చెప్పమ్మా" అంది.

ఆమె చీర అందుకుంది. ఇసుక మోసే చేతులు కావవి అప్పుడు. మొదట అంచు తిప్పింది. వెలుగులో పట్టింది. ఇంకో అంచు తిప్పింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది నేను నేయలే" అంది ఆమె.

"గుర్తులేదేమోనమ్మా, ఎన్నో నేస్తవు కదా."

"మా పుల్లకు ఎడమ దిక్కు ఒక మొల లేదు. నా చీరయితే ఎడమ దిక్కు ఒక్కటే గుచ్చు పడాలె. ఇవి రెండు దిక్కుల రెండేసి ఉన్నయి." వేలితో అంచు రాస్తూ పోయింది. "మగ్గం మీద మొల బట్టను గుంజి పడతది. గుచ్చు అంచు దిక్కు సాగుతది. ఇవి గుండ్రంగ ఉన్నయి. ఇవి మగ్గం మీద పడ్డయి కావు. ఎవరో కూసుండి సూదితోని పొడిచిన్రు." ఇంకోసారి అంచు రాసి, "మంచి చెయ్యే" అంది.

మొదటి వరసలో ఉన్న ఆడవాళ్ళు తమ ఒంటి మీది చీరల అంచులు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. మేడం ఒక్క క్షణం కూడా పోగొట్టలేదు. చెయ్యి నా వైపు చాపింది. అదే చెయ్యి.

"మా దగ్గర సూది పని చేసేది ఈమె ఒక్కతే. ఏం చేసి పెట్టిందో మాకేం తెలుసు? అమ్మా, ఏం చేసినవో నువ్వే చెప్పు. క్షమించమని అడుగు."

మాటకు మాట అదే. మూడేళ్ళ కింద అన్నదే. ఈసారి నేను చేసిన తప్పు. కాదంటే తప్పించుకోవచ్చు, నిరూపించేవాళ్ళు లేరు. కాని కాదంటే మేడం కూడా తప్పించుకుంటుంది. ఆమెను ముంచాలంటే నేను కూడా మునగాలి. మునుగుదాం పద అనుకున్నాను. ఇది ధైర్యం కాదు, కసి.

"అవును, నేనే గుచ్చిన" అన్నాను. "ఆరేండ్ల నుంచి గుచ్చుతున్న. చెప్పి చేయించింది మీరు."

"నేనా? ఏం రుజువున్నది?"

"మీ చేతిరాత ఉన్నది మేడం. చీర చీరకు చీటీ ఉన్నది. ఏ చీటీ ఏ చీరదో దానికి చుట్టిన దారం చెప్తది."

మేడం మొహం అప్పుడు మాడింది. కడుపు నిండా చూద్దామనుకున్నాను గాని చూడలేకపోయాను, ఎందుకంటే మా చెల్లె నా చేతులు చూస్తోంది. శాలువా తీసి మడత పెట్టి కుర్చీ మీద ఉంచి, నన్ను దాటుకుని బయటికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆమె మా మెట్ల మీదికి రాలేదు. సందుకు అటువైపు ఇటుకల కుప్ప మీద, ఎండలో కూర్చుని సద్ది తినేది. నేను పిలవలేదు. ఏమని పిలవాలి? రెండు రోజులు ఏడు డబ్బాలూ కింద పోసుకుని మేడం చీటీలు ఏరాను. 'రెండంచులకు గుచ్చులు.' 'రెండంచులకు, జల్ది.' ఎరుపు దారం, నెమలికంఠం రంగు దారం, పసుపు. ఒక డబ్బా నిండింది. ఎన్ని చీరలో లెక్కపెట్టడానికి నా చెయ్యి రాలేదు.

బుధవారం పొద్దున వకీలమ్మ వచ్చి డబ్బా తీసుకుంది. "ఇందులో నీ పేరు కూడా వస్తుంది ఆంటీ. ఆలోచించుకున్నావా?"

"తీస్కపో" అన్నాను.

అదే రోజు మధ్యాహ్నం మా సందులో పట్టని కారు ఒకటి మార్కెట్ దగ్గరే ఆగింది. మేడం నడిచి వచ్చింది, కొత్తిమీర కట్టలు దాటుకుంటూ, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని. మెట్ల ముందు నిలబడింది. చెయ్యి పట్టుకుందామని చూసింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఫొటో నిన్ననే తీసేసినం. గోడ మీదిది కూడ. ఆ చీటీలు నాకియ్యి అమ్మా. పన్నెండేండ్ల సంబంధం మనది."

సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఆమె మాట్లాడుతూనే ఉంది, పిల్ల పెళ్ళి కుదిరే టైమని, బజారులో తలెత్తుకోలేకపోతున్నానని. బిల్డింగు పనివాళ్ళు పని ఆపి చూస్తున్నారు. కూరగాయలామె చూస్తోంది. ఇటుకల మీద కూర్చుని మా చెల్లె సద్ది తింటూ చూస్తోంది.

చివరికి మేడం రెండు చేతులూ జోడించింది. తల కాస్త వంచింది. "తప్పయింది. నీ మీద తోసిన, అప్పుడు గూడ. మన్నించు" అంది.

వచ్చింది. మూడేళ్ళకు, సరిగ్గా నేను పెట్టినట్టే, నిలబడి, పదిమంది ముందు. ఆ జోడించిన చేతులను తనివితీరా చూశాను. తొందరపడలేదు. ఆమె చేతులు దించేదాకా ఆగి, అప్పుడు చెప్పాను.

"చీటీలు పొద్దుగాలనే ఇచ్చేసిన మేడం."

ఆమె నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా దాచుకుంటాను. వచ్చిన దారినే కొత్తిమీర కట్టల మధ్య నుంచి వెళ్ళిపోయింది. నాకు నవ్వు వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. నిజం చెప్పాలంటే అంత సుఖం నా జన్మలో ఎరగను.

నవ్వు ఆపి తలెత్తేసరికి మా చెల్లె మెట్ల ముందు నిలబడి ఉంది. సద్ది గిన్నె చేతిలోనే ఉంది. మూడు రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"నీ దండం నీకొచ్చింది గద అక్క" అంది. "మరి నాది?"

కోపంగా అనలేదు. నీళ్ళున్నాయా అని అడిగినట్టు అడిగింది.

సూది తీసి బల్లకు గుచ్చాను. ఒళ్ళోని బట్ట పక్కన పెట్టాను. మెట్లు దాటి సందులోకి వచ్చి, ఆ పనివాళ్ళూ కూరగాయలామే చూస్తుండగా ఆమె ముందు చేతులు జోడించి తల వంచాను. "మీరు మగ్గం ఇప్పేసేటట్టు నేను గూడ చేసిన చెల్లె" అన్నాను.

ఆమె నేను చేతులు దించేదాకా చూసింది. "సరే" అంది. గిన్నె కడుక్కుని, తట్ట నెత్తికెత్తుకుని పనికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి మెట్లు తుడిచి, నీళ్ళ చెంబు నింపి పెట్టాను. ఆమె ఇటుకల మీదే కూర్చుని తిన్నది.